ఆఖరి పెట్రోలు బంకు దాటాక...

ట్యాంకు ఫుల్. వెనకాల మరో రెండు క్యాన్ల పెట్రోలు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన నాలుగు రోజులకు సరిపడా నీళ్లు. జాకీ, పార, టైర్లలో గాలి నింపే పంపు, తాడు, ఒకటికి రెండు స్టెప్నీలు. చూస్తే ఏ మిలటరీ వాళ్ల సామానో అనుకుంటారు. కానీ ఆ కుటుంబం బయల్దేరింది సరదాగా సెలవులు గడపడానికి!

అమెరికాలోని యూటా రాష్ట్రంలో గ్రీన్‌రివర్ అనే చిన్న ఊరుంది. అక్కడ బంకులో పెట్రోలు పోయించుకుని, 24వ నంబరు హైవే మీద దక్షిణంగా కొంతదూరం వెళ్తే ఎడమచేతి వైపు ఒక మట్టిరోడ్డు చీలుతుంది. అక్కణ్నుంచి 74 కిలోమీటర్లు మట్టిలోనే ప్రయాణం. దారిలో ఊరుండదు, టీకొట్టుండదు, చెట్టునీడ కూడా అరుదే. ఆ రోడ్డు చివర ‘హ్యాన్స్ ఫ్లాట్’ రేంజర్ల ఆఫీసు. హమ్మయ్య వచ్చేశాం అనుకుంటే పొరపాటే. అసలు ప్రయాణం మొదలయ్యేది అక్కడే. చూడాల్సిన చోటు పేరు ‘మేజ్’... అంటే చిక్కుదారి. పద్మవ్యూహం అన్నా తప్పులేదు.

కడప జిల్లాలో గండికోట చూసినవాళ్లకు ఈ నేల స్వరూపం కొంత ఊహకు అందుతుంది. ఎర్రటి కొండను పెన్నా నది నిలువునా కోసిన గండి అది. ఊరికి పేరే దాన్నిబట్టి వచ్చింది. అలాంటి గండ్లు ఒకటీ రెండూ కాదు, వందలు పక్కపక్కనే పుట్టి, ఒకదాన్నొకటి కోసుకుంటూ, మెలికలు తిరుగుతూ, కొన్ని ఎటూ దారిలేక గోడకు కొట్టుకుని ఆగిపోతే ఎలా ఉంటుంది? మేజ్ అలా ఉంటుంది. కొలరాడో, గ్రీన్ నదులు కలిసే చోటు చుట్టూ ఉన్న ఈ ఇసుకరాతి నేలను 1964లో ‘క్యానియన్‌ల్యాండ్స్’ జాతీయపార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 1,366 చదరపు కిలోమీటర్లు. నదులు దాన్ని మూడు ముక్కలుగా విడదీశాయి. ఉత్తరాన ఉన్న ముక్కకు తారురోడ్డు ఉంది. మామూలు కారులో పిల్లాపాపలతో వెళ్లి, ఫొటోలు దిగి, సాయంత్రానికి హోటలుకు చేరుకోవచ్చు. తూర్పు ముక్కకూ రోడ్డుంది. పడమటి ముక్కే మేజ్. అక్కడికి తారురోడ్డు లేదు. అందుకే వచ్చేవాళ్లు చాలా తక్కువ. వచ్చినవాళ్లు మూడు రోజులకు తక్కువ ఉండరు. వెళ్లిరావడానికే అంత సమయం పడుతుంది మరి.

తిరుమల ఘాట్‌కు తారు తీసేస్తే...

హ్యాన్స్ ఫ్లాట్ దాటిన 22 కిలోమీటర్లకు ‘ఫ్లింట్ ట్రెయిల్’ వస్తుంది. కొండ అంచు మీంచి కిందికి దిగే దారి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్ని ఒకసారి గుర్తుచేసుకోండి. ఆ రోడ్డుకు తారు తీసేసి, పిట్టగోడలు తీసేసి, వెడల్పు ఒక్క బండికి సరిపోయేంతకు కుదిస్తే అది ఫ్లింట్ ట్రెయిల్. కొన్ని మలుపుల్లో బండి ఒక్కసారికి తిరగదు. ముందుకు పోనిచ్చి, మళ్లీ వెనక్కి తీసి, ఇంకోసారి తిప్పుకోవాలి. వెనక్కి తీసేటప్పుడు వెనక ఉండేది గాలే! ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు తగ్గాల్సిందే. అందుకని దిగబోయే ముందు బండి ఆపి, కిందికి తొంగిచూసి, ఎవరూ రావట్లేదని నిర్ధారించుకుని కదులుతారు అనుభవజ్ఞులు. కింద నేల బంకమట్టి. వాన పడితే సబ్బు రాసినట్టే జారుతుంది. చలికాలంలో మంచు గడ్డకట్టి చాలాసార్లు దారి మూసేస్తారు.

ఈ ప్రాంతంలోని ఇలాంటి దారులు చాలావరకూ పర్యాటకుల కోసం వేసినవి కాదు. 1950ల్లో అణుబాంబుల కోసం యురేనియం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కొండల్ని గీరి వేసుకున్నవే. ఖనిజం కోసం వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, దారులు మిగిలాయి.

హ్యాన్స్ ఫ్లాట్ నుంచి మేజ్ అంచుకు 55 కిలోమీటర్లు. మన హైవేల మీద ముప్పావు గంట ప్రయాణం. ఇక్కడ మూడు గంటలైనా పడుతుంది. కొన్నిచోట్ల రాతిమెట్ల మీదుగా బండిని దించాలి. పక్కన ఒకరు దిగి నిలబడి ‘ఇంకాస్త ఎడమకి... ఆపు ఆపు’ అని చెబుతుంటే చక్రం అంగుళం అంగుళం కదులుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే, నేలకు బాగా ఎత్తున్న బండి తప్పనిసరి. కార్ల కంపెనీ ప్రకటనల్లో కొండలెక్కే బండ్లన్నీ ఇక్కడ పనికిరావు. బండి చెడిపోతే లాక్కొచ్చేందుకు వెయ్యి డాలర్లకు పైనే అడుగుతారు. మన లెక్కలో ఎనభై వేల రూపాయల పైమాటే. అదీ కబురు పంపగలిగితే! సెల్‌ఫోన్ సిగ్నళ్లు అందవు. దారి చూపే జీపీఎస్‌ను నమ్ముకుంటే ఎటో తీసుకుపోతుందని రేంజర్లే హెచ్చరిస్తారు. మడతపెట్టుకునే కాగితం మ్యాపుకు ఇంకా విలువున్న చోటు ఇది.

నీళ్లు ఎక్కడ?

బండి ఆగిపోయే చోట నడక మొదలవుతుంది. మేజ్ అంచు మీద నిలబడితే ఎదురుగా ‘చాక్లెట్ డ్రాప్స్’ అనే ముదురురంగు రాతి స్తంభాలు, కింద ఎరుపూ తెలుపూ చారలతో పాములు చుట్టలు చుట్టుకున్నట్టు గండ్లు. దిగే దారిలో పాతకాలంలో రాతిలో తొలిచిన కాలి గుంతలున్నాయి. వీపుమీద బరువుతో వాటిల్లోంచి దిగలేరు. అందుకే ఏడెనిమిది మీటర్ల తాడు తెచ్చుకుని, సంచుల్ని ముందు దించి, తర్వాత మనుషులు దిగుతారు. కిందికి దిగాక అన్ని గండ్లూ ఒకలాగే ఉంటాయి. దారి గుర్తులంటే ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి వెళ్లిన రాళ్లే. అవి కొన్నిచోట్ల ఉంటాయి, కొన్నిచోట్ల ఉండవు.

వేసవిలో ఎండ 38 డిగ్రీలు దాటుతుంది. రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లకు అదో లెక్కా అనిపించొచ్చు. కానీ అక్కడ గాలిలో తేమ ఉండదు. చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్నాయని తెలిసేసరికి తల తిరుగుతుంది. గండ్ల అడుగున ఊటలు ఉన్నా, ఏడాది పొడుగునా అన్నీ ఊరవు. మ్యాపులో నీలిచుక్క ఉందని నమ్మి వెళ్తే తడి ఇసుక కనిపించొచ్చు. రాతి పలకల మీద గుంటల్లో నిలిచే వాన నీళ్లలో కంటికి ఆనీ ఆనని రొయ్యల్లాంటి జీవులుంటాయి. గుంట ఎండినా వాటి గుడ్లు చావవు. మళ్లీ వాన పడేదాకా మట్టిలో ఎదురుచూస్తాయి. ఆ గుంటల్లో కాళ్లూచేతులూ కడగొద్దంటారు. ఒంటికి రాసుకున్న క్రీము చాలు, వాటిని చంపడానికి.

నేల కూడా అంతే. నల్లగా, పొక్కినట్టుండే మట్టి పెచ్చు కనిపిస్తే దాని మీద అడుగు వేయకూడదు. అది ఉత్త మట్టి కాదు, సూక్ష్మజీవులు అల్లుకున్న పొర. ఇసుక గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే మళ్లీ మామూలుగా కావడానికి ఏళ్లూపూళ్లూ పడుతుంది. ఇక చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందైన సంగతి... బండిలో వచ్చి మకాం వేసేవాళ్లు తమ మరుగుదొడ్డి తామే తెచ్చుకోవాలి. వెళ్లేటప్పుడు అందులో ఉన్నదంతా మోసుకుపోవాలి కూడా! మన పుణ్యక్షేత్రాల పరిసరాలు చూసినవాళ్లకు ఈ నిబంధన మీద గౌరవం కలగకమానదు.

ఆకాశం నిర్మలం... అయినా వరద

ఎడారిలో దాహంతో చనిపోవడం తెలుసు. నీళ్లలో మునిగి చనిపోవడం? నేల అంతా రాయి కావడంతో పడిన వాన ఇంకదు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో కురిసే జల్లు నీళ్లన్నీ ఒక్కసారిగా గండ్లలోకి దూకుతాయి. కొన్ని గండ్లు రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. అందులో నడిచేవాళ్లకు పైన కనిపించేది సన్నటి నీలి గీత మాత్రమే. మబ్బు ఎక్కడో కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

1997 ఆగస్టు 12న పొరుగునున్న అరిజోనాలోని యాంటిలోప్ క్యానియన్‌లో అదే జరిగింది. దూరాన కురిసిన వాన వరదై వచ్చి 11 మంది పర్యాటకుల్ని బలితీసుకుంది. అమెరికాలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన మన అమ్మానాన్నలు ఎంతోమంది ఫొటోలు దిగి వచ్చే చోటే అది. ఇప్పుడక్కడ గైడు లేనిదే లోపలికి పంపరు. మేజ్ వైపు గండ్లలో అలా ఆపేవాళ్లెవరూ లేరు. 2015 సెప్టెంబరులో యూటాలోనే జయాన్ పార్కులోని కీహోల్ గండిలో ఏడుగురు వరదకు బలయ్యారు.

ఆ ట్రక్కు చెప్పిన జాడ

మళ్లీ మట్టిరోడ్డు దగ్గరికి వద్దాం. హ్యాన్స్ ఫ్లాట్‌కు వెళ్లే దారి మధ్యలో రెండుగా చీలుతుంది. ఎడమవైపు వెళ్తే హార్స్‌షూ క్యానియన్. రానూపోనూ 11 కిలోమీటర్ల నడక. అంతా ఇసుక. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే ఆయాసం. అడుగున ‘గ్రేట్ గ్యాలరీ’ అనే రాతిగోడ ఉంది. దాని మీద నిలువెత్తు బొమ్మలు. చేతులూ కాళ్లూ లేని పొడవాటి ఒళ్లు, పెద్ద తలలు. కొన్ని మనిషి కంటే ఎత్తు. వేటగాళ్ల కాలంలో ఎర్రరంగుతో వేసిన ఈ బొమ్మల వయసు మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నాలుగు వేల ఏళ్లని కొందరు, వెయ్యి నుంచి రెండు వేల ఏళ్లేనని 2014లో వెలువడిన ఒక పరిశోధన.

2003 ఏప్రిల్ 26, శనివారం. ఆరన్ రాల్‌స్టన్ అనే 27 ఏళ్ల కుర్రాడు తన ట్రక్కును ఈ నడకదారి మొదట్లోనే ఆపాడు. ఇంజినీరు ఉద్యోగం వదిలేసి కొండలెక్కడమే లోకంగా బతుకుతున్నాడు. ప్లాను చక్కగానే ఉంది. సైకిల్ మీద పైకి వెళ్లి, ‘బ్లూజాన్’ అనే ఇరుకు గండిలో దిగి, హార్స్‌షూలోంచి నడిచి, సాయంత్రానికి ట్రక్కు దగ్గరికి రావాలి. లోటల్లా ఒక్కటే. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం గండిలోకి దిగుతుంటే పైన ఇరుక్కుని ఉన్న బండరాయి కదిలింది. బరువు 360 కిలోల దాకా. అది జారి అతడి కుడిచేతిని గోడకు అదిమేసింది. దగ్గరున్నవి కొద్దిపాటి నీళ్లు, రెండు బరిటోలు, చవకరకం మడతకత్తి, ఒక వీడియో కెమెరా. రాతిని చెక్కి చూశాడు. తాళ్లతో లాగి చూశాడు. కదల్లేదు. రోజులు గడిచాయి. నీళ్లు అయిపోయాయి. మూత్రం తాగాడు. కెమెరాలో అమ్మానాన్నలకు వీడ్కోలు చెప్పుకున్నాడు. గోడ మీద తన పేరు, పుట్టినతేదీ, చనిపోతాననుకున్న నెల చెక్కుకున్నాడు. ఆరో రోజు పొద్దున, మే 1న, ఒక ఆలోచన తట్టింది. కత్తి మొద్దుది, ఎముకను కోయలేదు. కానీ ఒంటి బరువంతా వేసి మెలితిప్పితే ఎముక విరుగుతుంది. రెండు ఎముకలూ విరగ్గొట్టుకున్నాడు. మిగతాది కోసుకున్నాడు.

అంతటితో అయిపోలేదు. ఒంటిచేత్తో 20 మీటర్ల గోడ మీంచి తాడుతో దిగాడు. ఎండలో కిలోమీటర్ల కొద్దీ నడిచాడు. హార్స్‌షూలో సెలవులకొచ్చిన ఓ డచ్చి కుటుంబం ఎదురైంది. భార్య, భర్త, కొడుకు. నీళ్లిచ్చారు, తిండి పెట్టారు, సాయం కోసం ముందుకు పరుగెత్తారు. అప్పటికే హెలికాప్టర్ అదే గండి మీద తిరుగుతోంది. ఎలాగంటారా? పనిలోకి రాలేదని తోటి ఉద్యోగులు కంగారుపడ్డారు. తల్లి పట్టువదలకుండా పోలీసులకూ రేంజర్లకూ ఫోన్లు చేసింది. నడకదారి మొదట్లో ఆగి ఉన్న ట్రక్కు వాళ్ల కంటపడింది.

ఆ 127 గంటల కథే 2010లో డానీ బాయిల్ సినిమా అయింది. సంగీతం మన ఏఆర్ రెహమాన్. ఆ సినిమాకు ఆయన రెండు ఆస్కార్ నామినేషన్లు కూడా అందుకున్నారు. తెలుగువాళ్లలో చాలామందికి బ్లూజాన్ గండి తెలిసింది అలాగే.

సినిమాలో లేని ముక్క ఒకటుంది. తర్వాత పార్కు సిబ్బంది ఆ చేతి కోసం వెళ్లారు. బండరాయిని కదల్చడానికి 13 మంది మనుషులు, హైడ్రాలిక్ జాకీ, వించి కావాల్సి వచ్చాయి. చేతిని దహనం చేసి బూడిదను రాల్‌స్టన్‌కు ఇచ్చారు. ఆర్నెల్ల తర్వాత, తన 28వ పుట్టినరోజుకు, అతడు మళ్లీ ఆ గండిలోకి దిగి ఆ బూడిదను అక్కడే చల్లాడు. ఈసారి ఒంటరిగా వెళ్లలేదు. వెంట టీవీ వాళ్లున్నారు!