బోర్డుకి అడ్డొచ్చిన చెట్టు

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. చెట్టును చంపి చూపును అమ్ముకోవడం మాత్రం హోర్డింగులు తెచ్చిన వ్యాపారం. రోడ్డు పక్కన నిలబెట్టిన బోర్డుకు అద్దె దాని పొడవు వెడల్పులను బట్టి మాత్రమే రాదు. ఎంత దూరం నుంచి, ఎంతసేపు కనిపిస్తుందన్నదే అసలు లెక్క. మధ్యలోకి ఒక వేప కొమ్మ సాగిందంటే రాబడికి ఆ మేరకు గండి పడినట్టే. అందుకే ఆ కొమ్మ ఒక రాత్రి మాయమవుతుంది. కొమ్మతో పని జరగకపోతే మొదట్లో రంధ్రం చేసి విషం పోస్తారు. చెట్టు నిదానంగా ఎండిపోతుంది. ఎవరూ నరకలేదు కాబట్టి కేసు కట్టేవారూ ఉండరు.

ఈ చిక్కు ఎంత జటిలమో తెలియాలంటే బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణాన్ని చూడాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఎదిగిన ఈ ఊరికి ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలి వచ్చిన కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. 2000లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం వచ్చాక ఊరి హోదా పెరిగింది. రాయ్‌పూర్ నుంచి అంబికాపూర్ వెళ్లే 130వ నంబరు, ఖరగ్‌పూర్ వెళ్లే 49వ నంబరు జాతీయ రహదారులు ఇక్కడే కలుస్తాయి. హోర్డింగులకు ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? వేసవిలో ఎండ 45 డిగ్రీలను తాకే ఊరది. బస్సు కోసం, రిక్షా కోసం రోడ్డు పక్కన నిలబడేవాడికి చెట్టు నీడ విలాసం కాదు.

అలాంటి ఊళ్లో బోర్డుకి అనుమతి ఇవ్వాల్సింది ఎవరు? అది రైల్వే స్థలమైతే రైల్వే, నగర వీధి అయితే మునిసిపల్ కార్పొరేషన్. జాతీయ రహదారి హద్దులో వ్యాపార ప్రకటనలు ఉండకూడదన్నది కేంద్ర మంత్రిత్వశాఖ విధానం కాబట్టి బోర్డు ఆ హద్దు దాటి పక్కనున్న ప్రైవేటు స్థలంలో లేస్తుంది. ఆ బోర్డుకీ కారులో వెళ్లేవాడి కంటికీ మధ్య ఉన్న చెట్టు మాత్రం ప్రభుత్వానిదే. అంటే స్థలం ఒకరిది, సంపాదన ఇంకొకరిది, చెట్టు అందరిదీ. అనుమతి పత్రంపై సంతకం చేసే అధికారి ఆ చెట్టును లెక్కలోకి తీసుకోడు. చెట్టును చూడాల్సిన శాఖకు ఆ పత్రం సంగతి తెలియదు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. రోడ్డు పక్క ప్రకటనలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రాకపోకలకు ప్రమాదకరమైన హోర్డింగులను తొలగించాలని ఢిల్లీకి సంబంధించి 1997లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే ఇవన్నీ డ్రైవర్ దృష్టి మళ్లకుండా చూసే నియమాలే. మరోపక్క 2002 నాటి వాల్టా చట్టం తెలుగు రాష్ట్రాల్లో అనుమతి లేకుండా చెట్టు కొట్టడాన్ని నిషేధిస్తుంది. ఒక చట్టం బోర్డును చూస్తుంది, మరొకటి చెట్టును చూస్తుంది. రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే గొడ్డలి పని చేస్తోంది.

ఆ ఖాళీ ఎంత దూరం తీసుకెళ్తుందో ముంబైలోని ఘాట్‌కోపర్ చూపించింది. 2024 మే 13న గాలివానకు అక్కడ ఓ పెట్రోల్ బంకుపై కూలిన హోర్డింగ్ 17 మంది ప్రాణాలు తీసింది. కార్పొరేషన్ నిబంధన ప్రకారం 40 అడుగులు దాటకూడని చోట దాని ఎత్తు దాదాపు 120 అడుగులు. అది రైల్వే పోలీసుల అధీనంలోని స్థలం కావడంతో అనుమతి ఎవరిదన్న వాదన తలెత్తింది. హోర్డింగులు కనిపించడం కోసం ఆ కూడలిలో చెట్లకు విషం పెట్టారని అంతకు ఏడాది ముందే కార్పొరేషన్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. చెట్లు ముందే హెచ్చరించాయి, వినిపించుకున్నవారు లేరు.

రైల్వేకు ఇది పక్కవారి సంగతి కాదు. టికెట్లపై కాకుండా వచ్చే ఆదాయం పెంచుకోవడానికి 2017లో అది ప్రకటనల విధానాన్నే రూపొందించుకుంది. 1989 నాటి రైల్వే చట్టంలోని 185వ సెక్షన్, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప, రైల్వే ప్రకటనలపై స్థానిక సంస్థలకు పన్ను కట్టనక్కర్లేదంటుంది. ఆ మినహాయింపు పన్నుకే గానీ చెట్లకు కాదు.

అలాగని కొమ్మల నరికివేతకు అనుమతులిచ్చి ఫీజు వసూలు చేస్తే సరిపోతుందా? అమెరికా అనుభవం వేరే చెబుతోంది. రహదారుల అందాన్ని కాపాడాలని 1965లో ఆ దేశం ప్రత్యేక చట్టమే తెచ్చింది. తర్వాత రాష్ట్రాలు బోర్డుల ముందున్న చెట్లను తొలగించడానికి పర్మిట్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. నార్త్ కరోలినా 2011లో ఆ పరిధిని 250 అడుగుల నుంచి 380 అడుగుల దాకా పెంచింది. పర్మిట్ పుట్టింది నియంత్రణ కోసం, పెరిగింది మాత్రం వ్యాపారం కోసం.

కాబట్టి బేరం తిరగబడాలి. చెట్టును బోర్డుకు తగ్గట్టు కత్తిరించడం కాదు, బోర్డునే చెట్టుకు తగ్గ చోట పెట్టాలి. అనుమతి ఇచ్చే రోజునే బోర్డు ముందున్న ప్రతి చెట్టుకూ నంబరు వేసి, ఫోటో తీసి, ఆ జాబితాను అనుమతి పత్రానికే జతచేయాలి. కొమ్మ కొట్టాల్సి వస్తే ఆ పని చెట్టు ఎవరి పరిధిలో ఉందో ఆ శాఖ మనుషులే చెయ్యాలి. కరెంటు తీగలకు, సిగ్నళ్లకు, మలుపులో డ్రైవర్ చూపుకు అడ్డొచ్చే కొమ్మల సంగతి వేరు. అది జనం భద్రత. జాబితాలోని చెట్టు నరికివేతకో విషానికో బలైతే ఆ బోర్డు అనుమతి రద్దయి, అదే చోట కొన్నేళ్ల వరకు మరో బోర్డు రాకూడదు.

ఎవరు చంపారో రుజువు కాకుండా ఈ శిక్ష అన్యాయం కాదా, పోటీదారే ఆ పని చేస్తే ఏం చేయాలన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఇక్కడ ఎవరినీ జైలుకు పంపడం లేదు. పోయేది బోర్డు పెట్టుకునే సౌకర్యం మాత్రమే. పైగా ఆ స్థలం ఎవరికీ దక్కనప్పుడు పోటీదారుకూ లాభం ఉండదు. చెట్టు బతికుంటేనే బోర్డు నిలుస్తుందన్నప్పుడు, రాత్రిపూట దానికి కాపలా కాసేది హోర్డింగ్ యజమానే.

తాజ్ పరిరక్షణ ప్రాంతంలో అక్రమంగా కొట్టేసిన 454 చెట్లకు, చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను 2025 మార్చిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే ఆ సొమ్ముతో నాటిన మొక్క నీడనివ్వడానికి చాలా ఏళ్లు పడుతుంది. ప్రకటనదారు ఒప్పందం అంతకన్నా చాలా ముందే ముగిసిపోతుంది.