సేవయే సోపానం

బై.పి.సి. చదువుతున్న విద్యార్థిని 'మున్ముందు ఏమి కావాలనుకుంటున్నావు?' అని అడిగితే, సాధారణంగా వినిపించే సమాధానం ఒక్కటే: 'డాక్టర్‌'. ఆ ఆశయం ఉదాత్తమైనదే. కాని ఆ ఒక్క ద్వారం తెరుచుకోకపోతే జీవితమే మూసుకుపోయిందని భావించడం అవివేకం. వైద్యరంగమనే విశాలమైన భవనానికి ద్వారాలు అనేకం ఉన్నాయి.

మన ప్రాచీనులకు ఈ సత్యం తెలుసు. చికిత్సకు పాదాలు నాలుగని చరకసంహిత చెప్పింది. అవి వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉపచార జ్ఞానం, దక్షత, అనురాగం, శుచిత్వం ఉండాలని కూడా ఆ గ్రంథం నిర్దేశించింది. పరిచర్యను చికిత్సకు ఒక పాదంగా గుర్తించిన సంస్కృతి మనది. అటువంటి దేశంలో నర్సింగ్‌ను, ప్రయోగశాల వృత్తిని 'డాక్టరు కాలేనివారి చదువులు' అని చిన్నచూపు చూడడం విచారకరం.

ఈ విషయాన్ని మన పాలమూరు నేపథ్యంలో ఆలోచించాలి. పండితులకు నెలవై 'విద్వద్గద్వాల' అని పేరుపొందిన సంస్థానం ఉన్న నేల ఇది. అదే నేల నుండి తరతరాలుగా కూలీలు వలసపోయి దేశమంతటా ఆనకట్టలు, భవనాలు కట్టారు. అటువంటి కుటుంబాల రాతను మార్చగలిగింది చదువే. 1959లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన వనపర్తి పాలిటెక్నిక్ సంస్థానాధీశుల రాజభవనంలోనే నెలకొన్నది. రాజులు నడయాడిన చోట సామాన్యుల బిడ్డలు సాంకేతిక విద్య నేర్చుకున్నారు. సామాజిక పురోగమనమంటే ఇంతకు మించిన నిదర్శనం ఏముంటుంది?

నేడు ఆ అవకాశం వైద్యరంగంలోకి విస్తరించింది. 2007లో ఆరోగ్యశ్రీ పథకం తొలుత అమలైన మూడు జిల్లాలలో నాటి మహబూబ్‌నగర్ ఒకటి. 2022లో వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను, 2024లో గద్వాలలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అయితే వనపర్తి కళాశాలలో ఉన్న సీట్లు 150 మాత్రమే. వాటికోసం పోటీపడేవారు వేలమంది. ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా సీటు కావాలంటే ఏటా పది లక్షలకు పైగా చెల్లించాలి. రెండెకరాల రైతు ఆ భారాన్ని ఎట్లా మోయగలడు?

నేనెరిగిన ఒక కుటుంబం ఉంది. తల్లిదండ్రులు వలస కూలీలు. అప్పుచేసి కొడుకును మూడేళ్ళు కోచింగుకు పంపారు. సీటు రాలేదు, అప్పు మిగిలింది. చెల్లెలు మాత్రం అందరూ వారిస్తున్నా జి.ఎన్.ఎం.లో చేరింది. మూడేళ్ళు తిరిగేసరికి ఉద్యోగం సంపాదించింది. అన్న ఆగిపోయిన చదువును తిరిగి మొదలుపెట్టింది ఆమె జీతంతోనే. అన్నకు తెలివి తక్కువ కాదు. అతనికి లోపించింది మరొక దారిని చూపగలిగిన పెద్దదిక్కు.

ఆ దారులు ఏవి? నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్, మూడేళ్ళ జి.ఎన్.ఎం., ఫిజియోథెరపీ, ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ, రేడియాలజీ, డయాలసిస్, అనస్థీషియా కోర్సులు. ప్రభుత్వ కళాశాలలలో వీటి ఫీజు స్వల్పం. ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలలో చదివేవారికి స్టైపెండ్ కూడా లభిస్తుంది. తెలంగాణలో 2024 జనవరిలో ఒక్కసారే దాదాపు 7,000 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు అందాయి. ఎం.ఎస్సీ. చేసి అధ్యాపకులు కావచ్చు; జర్మనీ, జపాన్ వంటి దేశాలలోనూ కొలువులు పొందవచ్చు.

ఇదంతా పూలబాట అని నేను చెప్పడం లేదు. అనేక ప్రైవేటు ఆసుపత్రులలో జీతాలు తక్కువ, రాత్రి విధులు ఎక్కువ. నర్సింగ్ ఆడపిల్లల పని అనే అపోహ మగపిల్లలను వెనక్కి లాగుతున్నది. ఈ లోపాలను సరిదిద్దవలసిన బాధ్యత సమాజానిది, ప్రభుత్వానిది. ఫీజు రీయింబర్స్‌మెంటు సకాలంలో అందకపోతే పేద విద్యార్థి సర్టిఫికెట్లు కళాశాల బీరువాలోనే ఉండిపోతాయి. వ్యక్తి ఎంత శ్రమించినా వ్యవస్థ చేయూత లేనిదే పైమెట్టు ఎక్కడం కష్టం.

కనుక చేరేముందు విద్యార్థి మూడు విషయాలు విచారించాలి. మొదటిది గుర్తింపు. నర్సింగ్ కళాశాలకైతే నర్సింగ్ కౌన్సిల్ అనుమతి, డిగ్రీకైతే సంబంధిత విశ్వవిద్యాలయ అనుబంధం, డిప్లొమాకైతే సంబంధిత బోర్డు గుర్తింపు ఉన్నదో లేదో చూడాలి. రెండవది ఆసుపత్రి. రోగి మంచం పక్కన నేర్వని పరిచర్య ఈత నేర్వకుండా ఏట్లో దిగడం వంటిది. మూడవది మొత్తం ఖర్చు. ఫీజుతో పాటు వసతి, భోజనం, పరీక్ష రుసుములు, కట్టవలసిన వడ్డీ అన్నీ లెక్కవేసుకోవాలి. గుర్తింపు లేని చదువు ఉచితంగా వచ్చినా ఖరీదైనదే.

విద్యార్థులారా! డాక్టరు కావాలని ప్రయత్నించండి, తప్పులేదు. కాని ఆ ప్రయత్నానికి ఒక గడువు పెట్టుకోండి. తల్లిదండ్రుల భూమిని, మీ యౌవనాన్ని ఒకే పరీక్షకు పణంగా పెట్టకండి. జ్వరంతో మూలిగే రోగి నుదుటిపై చేయివేసిన వ్యక్తి హోదా ఏమిటని ఆ రోగి అడగడు. ఆ చేతిలోని నైపుణ్యాన్నీ, ఆర్ద్రతనూ మాత్రమే గుర్తుంచుకుంటాడు. అటువంటి చేతికి అన్నానికి లోటుండదు. దాని ఆసరాతో ఒక కుటుంబమంతా పైమెట్టుకు చేరుతుంది.