'జ్వరమండీ' అని ఊరుకోకండి!

చల్లపల్లిలో ఒక ఇల్లు అనుకోండి. రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. కూతురు థర్మామీటరు పెట్టి చూసింది. నూటొకటి! విజయవాడలో రెండో కీమో ఎక్కించుకుని వచ్చి ఆ రోజుకి పదో రోజు.

'ఓ పారాసెటమాల్ వేసి పడుకోబెట్టండమ్మా. పొద్దున్నే చూద్దాం' అన్నారు పక్కింటి బాబాయ్. కానీ ఆసుపత్రి కాగితం అడుగున డాక్టరు రాసిన మాట కూతురికి గుర్తుంది... 'జ్వరం వస్తే వెంటనే రావాలి'. కారు మాట్లాడారు. కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు... దారి పొడవునా అమ్మ కళ్లు మూసుకునే ఉంది.

కేజువాల్టీ గుమ్మంలో నర్సు అడిగింది, 'ఏమైందమ్మా?' అని.

'జ్వరమండీ'.

'ఎన్నాళ్ల నుంచి?'

'ఈ సాయంత్రం నుంచేనండీ'.

'అలా కూర్చోండి, పిలుస్తాం'.

కూతురు తెలియక అలా చెప్పలేదు. పక్కనే అమ్మ ఉంది. ఆమె ముందు ఆ ఇంట్లో ఎవరూ క్యాన్సర్ అన్న మాటే ఎత్తలేదు. 'గడ్డ కరగడానికి మందు ఎక్కిస్తున్నారు' అని నమ్మించారు. ఇన్నాళ్లూ దాచిన మాట ఇప్పుడు పదిమందిలో ఎలా అనడం?

ఆ గంట విలువ

కీమో మందు క్యాన్సర్ కణాలతోపాటు వేగంగా పెరిగే మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. సూక్ష్మక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ తగ్గిపోతాయి. చాలా రకాల కీమోల్లో ఇవి బాగా పడిపోయేది ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య. ఘన మిల్లీమీటరు రక్తంలో 1,500కు పైగా ఉండాల్సినవి 500 కన్నా తగ్గితే ఒంట్లో కాపలా లేనట్టే. అప్పుడు చీము పట్టదు, వాపు కనిపించదు. ఒక్కోసారి జ్వరం ఒక్కటే గుర్తు. అది గంటల్లోనే రక్తమంతా విషమయ్యే స్థితికి దారితీయొచ్చు.

అందుకే 100.4 డిగ్రీలు దాటితే పొద్దుటిదాకా ఆగకూడదు. డాక్టర్ని అడగకుండా పారాసెటమాల్ వేస్తే జ్వరం దిగినట్టు కనిపిస్తుందే తప్ప లోపలి ఇన్‌ఫెక్షన్ పోదు. ఇలాంటి రోగికి ఆసుపత్రిలో అడుగుపెట్టిన గంటలోపే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కేజువాల్టీలో ముందు వచ్చినవాళ్లను ముందు చూడరు. ప్రమాదం ఎవరికి ఎక్కువో వాళ్లను ముందు చూస్తారు. మామూలు జ్వరం వెనక్కి వెళుతుంది. పదిరోజుల కిందట కీమో పడిన మనిషికి వచ్చిన జ్వరం ముందుకు రావాలి. ఆ తేడా నర్సుకు తెలియాలంటే పక్కనున్నవాళ్లు చెప్పాలి. 'క్యాన్సర్ పేషెంటండీ. ఫలానా తేదీన కీమో అయింది. ఇప్పుడు నూటొకటి జ్వరం'... అంతే! ఈ మూడు మాటలు చాలు. ఒకే నడుంనొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గడం, ఆగని రక్తస్రావం, ఆయాసం, పొంతన లేని మాటలు... ఇవి కూడా క్యాన్సర్ ఉన్నవారిలో ఆలస్యం చేయకూడని లక్షణాలే.

చల్లపల్లి నుంచి విజయవాడ దాదాపు అరవై కిలోమీటర్లు. బందరు అంతకన్నా బాగా దగ్గర. రాత్రిపూట ఎటు పరుగెత్తాలన్నది మొదటి కీమో రోజునే డాక్టర్ని అడిగి రాసిపెట్టుకోవడం మంచిది. బండి దొరక్కపోతే 2005 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో తిరుగుతున్న 108 ఉండనే ఉంది.

తెల్లవార్లూ స్ట్రెచర్ మీదే

ఇంజెక్షన్ పడింది, సెలైన్ పెట్టారు. ఇక వార్డులోకి పంపుతారనుకుంటే... 'బెడ్డు ఖాళీ లేదు'. అలా ఒక రాత్రి, ఒక్కోసారి మర్నాడు సాయంత్రం దాకా గడిచిపోతుంది. చుట్టూ యాక్సిడెంటు కేసులు, పురుగుమందు తాగినవాళ్లు, ఏడుపులు. పక్కనున్న మనిషికి ఇదే అసలు పరీక్ష.

ఈ గంటల్లో చేయగలిగిన పనులు చిన్నవే. దగ్గుతున్నవారికి దూరంగా ఓ మూల చోటు ఇవ్వమని అడగడం. రోగికి మాస్కు పెట్టడం. ముట్టుకునేవారిని చేతులు కడుక్కోమనడం. ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారో చిన్న పుస్తకంలో రాసుకోవడం. డ్యూటీ మారితే కొత్త డాక్టరుకు మళ్లీ మొదటి నుంచి చెప్పడం. విసుగనిపించినా సరే, చెప్పాల్సిందే. రోగి కథంతా తెలిసి రాత్రంతా అక్కడే ఉండేది పక్కనున్నవారొక్కరే!

ఆ ఒక్కరూ తిండీ నిద్రా లేక సొమ్మసిల్లితే రెండో స్ట్రెచర్ వెతకాల్సి వస్తుంది. కాబట్టి వంతులు వేసుకోవాలి. వంతులంటే చల్లపల్లి వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. 2014 నవంబరులో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతుల చొరవతో మొదలైన 'స్వచ్ఛ చల్లపల్లి'లో తెల్లవారకముందే చీపుర్లు పట్టుకుని వీధుల్లోకి వచ్చిన ఊరది. పలకరించడానికి వచ్చే పదిమంది కన్నా, 'నువ్వెళ్లి రెండు ఇడ్లీ తినిరా, నేను కూర్చుంటా' అనే ఒక్కరు మేలు.

దాచితే దాగుతుందా?

గుడివాడ ప్రాంతంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ ఉందని తానే చెప్పారు. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లకు అటూ ఇటూ. ఎవరూ జాలి పడొద్దన్నట్టే మాట్లాడారు, 'మనం' సినిమా పని చూసుకున్నారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. మాట బయటికి చెబితే ధైర్యం పోతుందనుకునేవాళ్లకు ఆయన జవాబు అది.

మన ఇళ్లలో దాచేది ప్రేమతోనే. కాదనలేం. కానీ కేజువాల్టీ గుమ్మంలో ఆ ప్రేమే నిమిషాలను తినేస్తుంది. రోగికి ఎంతవరకు, ఎలా చెప్పాలన్నది డాక్టరుతో కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. అంతదాకా రాకపోతే కనీసం ఫైలు తెరిచి నర్సు చేతికి ఇవ్వాలి.

మళ్లీ ఆ కూతురి దగ్గరికి వద్దాం. పావుగంట గడిచింది. ఫైలున్న సంచీని గుండెకు అదుముకుని అలాగే కూర్చుంది. అప్పుడు అమ్మే కళ్లు తెరిచి నర్సును పిలిచింది.

'అమ్మాయ్... నాకు క్యాన్సరమ్మా. పది రోజుల కిందట కీమో ఎక్కించారు. చలి ఆగట్లేదు'.

నర్సు పరుగున వచ్చింది. స్ట్రెచర్ లోపలికి కదిలింది. కూతురు నోట మాట లేదు.

'ఫైలు మీద రాసే ఉంది కదే! నాకు చదవడం రాదనుకున్నారా?' అంది అమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని. 'మీరు బెంగపడతారని నేనే ఊరుకున్నా'.

ఆ తెల్లవారుజామున జ్వరం కాస్త దిగింది. బెడ్డు మాత్రం ఇంకా దొరకలేదు. స్ట్రెచర్ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూతురు, పైన అమ్మ. ఇన్నాళ్లూ ఇద్దరూ విడివిడిగా మోసిన మాటను ఆ కాసేపూ కలిసి మాట్లాడుకున్నారు.