ఉడుముపట్టు

ఎక్కడం వేరు, ఎక్కినచోట నిలవడం వేరు. ఉడుముపట్టు అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఎగబాకే రోబోను నిర్మించే విద్యార్థి మొదట గ్రహించవలసిన సత్యం ఆ మాటలోనే ఉంది. వేగమా, పట్టా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు పట్టుకే పెద్దపీట వేయాలి.

విద్యార్థుల రోబో పోటీలలో ఎగబాకడం కొత్త పరీక్ష కాదు. 2002లో టోక్యోలో ప్రారంభమైన ఆసియా–పసిఫిక్ 'రోబోకాన్' పోటీకి 2014లో పుణె నగరం వేదిక అయింది. ఆనాటి ఇతివృత్తం తల్లిదండ్రుల వాత్సల్యం. పెద్ద రోబో చేయూతతో పిల్ల రోబో ఉయ్యాల ఊగాలి, నిచ్చెనమెట్ల కట్టడాన్ని ఎక్కాలి. 2016లో బ్యాంకాక్‌లో జరిగిన పోటీలో రోబో గాలిమర స్తంభాన్ని ఎక్కి, దానికి రెక్కలు అమర్చాలి. ఇటువంటి పోటీలలో వ్యవధి స్వల్పం. అందువల్ల అందరి దృష్టీ వేగం మీదనే నిలుస్తుంది.

కాని వేగానికి మూల్యం ఉంది. 10 కిలోల రోబో 3 మీటర్ల స్తంభాన్ని 10 సెకన్లలో ఎక్కాలంటే, ఘర్షణ నష్టాలను లెక్కించకపోయినా, సుమారు 30 వాట్ల సామర్థ్యం అవసరం. 5 సెకన్లలో ఎక్కాలంటే అది రెట్టింపవుతుంది. పెద్ద మోటారుకు పెద్ద బ్యాటరీ కావాలి. రెండూ బరువును పెంచుతాయి. పెరిగిన బరువును మోయడానికి మరింత శక్తి కావాలి. మోటారును మార్చక గేర్ల నిష్పత్తిని పెంచితే బలం హెచ్చుతుంది, వేగం తగ్గుతుంది.

పట్టుకూ మూల్యం ఉంది. చక్రానికీ స్తంభానికీ మధ్య ఘర్షణ గుణకం 0.5 అయితే, చక్రాలు స్తంభాన్ని అదిమే బలాల మొత్తం రోబో బరువుకు కనీసం రెట్టింపు ఉండాలి. అంత బలంగా బిగిస్తే రోబో జారదు. కాని చక్రాలు తిరగడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. వార్మ్ గేరును అమరిస్తే, మోటారు చక్రాన్ని తిప్పగలదు గాని, బరువు లాగినంత మాత్రాన చక్రం సాధారణంగా వెనక్కు తిరగదు. విద్యుత్తు ఆగినా రోబో ఉన్నచోటనే నిలుస్తుంది. అయితే శక్తిలో చాలా భాగం ఘర్షణవల్ల వేడిగా మారి వృథా అవుతుంది. ఈ నష్టాన్ని సంతోషంగా అంగీకరించవలసిందే.

కొద్ది నిమిషాల ఆటకు ఇంత జాగ్రత్త ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. పాతపట్నం నుంచి సముద్రం దిక్కుగా సాగి ఉద్దానం కొబ్బరితోటలను చూస్తే సమాధానం దొరుకుతుంది. కొబ్బరిచెట్టు పోటీలోని నునుపైన గొట్టం వంటిది కాదు. మొదట లావు, పైకి పోయేకొద్దీ సన్నం, ఒంటినిండా మట్టల మచ్చలు, వానపడితే జారుడు. దానిని ఎక్కే మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టి ఎక్కుతాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అక్కడి తోటలను నేలకూల్చింది. తిరిగి నాటిన మొక్కలు ఎదిగిన కొద్దీ వాటిని ఎక్కేవారి అవసరమూ పెరుగుతుంది. కేరళలోని అమృత విశ్వవిద్యాపీఠం పరిశోధకులు రూపొందించిన 'అమరన్' అనే రోబో చెట్టును వలయంలా చుట్టుకొని చక్రాలపై పైకి పోతుంది. నడిపేవాడు నేలమీదనే ఉంటాడు. అటువంటి యంత్రం నడిమధ్యలో పట్టు తప్పితే కింద ఉన్నవారి గతి ఏమిటి? ఆటలో అలవడిన అశ్రద్ధ తోటలో ప్రమాదమవుతుంది.

కనుక పోటీల నిర్వాహకులు ఒక నియమం చేర్చడం మంచిది. రోబో సగం ఎత్తుకు చేరిన తరువాత విద్యుత్తును ఆపి, అది నిలిచిందా, జారిందా అని చూసి మార్కులు వేయాలి. క్షేమంగా దిగడానికీ మార్కులు ఉండాలి. అప్పుడు విద్యార్థులు ముందుగా పట్టును లెక్కించి, మిగిలిన శక్తితో వేగాన్ని సాధిస్తారు.

విద్యార్థులారా! అన్ని సుగుణాలూ ఒకే యంత్రంలో అమరవు. దేనిని వదులుకోవచ్చునో, దేనిని వదులుకోరాదో తెలుసుకోవడమే నిర్మాణ విద్య. రేపు మీరు నిర్మించే యంత్రం కింద ఒక మనిషి నిలబడి ఉంటాడని తలచి, నేడే దానికి ఉడుముపట్టును నేర్పండి.