ఎవరి వైపు నుంచి వచ్చింది?

బిడ్డకి పుట్టుకతో ఏదో జబ్బు ఉందని తెలియగానే మన ఇళ్ళల్లో వినిపించే మొదటి ప్రశ్న ఇదే. అడిగేది ఎవరైనా జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం తల్లి. గ్రహణం రోజు బయటికొచ్చావా? బొప్పాయి తిన్నావా? మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా? ఈ ప్రశ్నల్ని మనం ఇక మానేయాలి.

మన ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. అంతకుముందు కొన్నేళ్ళు నాచారంలో ఉండేది. ఆ పేరు వింటే నేరస్తుల్ని పట్టించే డీఎన్‌ఏ పరీక్షలే గుర్తొస్తాయి. జన్యు వ్యాధుల్ని గుర్తించడం కూడా అక్కడి పనే.

జన్యువుని మూడేసి అక్షరాల మాటలుగా చదువుకోవాలి. "కమల పలక గడప" అనుకోండి. "పలక" లో ఒక్క అక్షరం మారితే "పడక" అవుతుంది, అర్థమే వేరు. సికిల్ సెల్ జబ్బు ఇలా ఒకే అక్షరం మారడం వల్ల వస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. "కమల" లో "మ" జారిపోతే, మూడేసి చొప్పున "కలప లకగ డప" అని చదవాలి. అక్కడి నుంచి అంతా గందరగోళమే. తలసీమియా తెచ్చే మార్పుల్లో ఇలాంటివీ ఉన్నాయి. కొన్ని మార్పులకి ఏమీ కాదు. "వెళ్ళాను" అని రాసినా "వెళ్లాను" అని రాసినా అర్థం ఒకటే కదా! డౌన్ సిండ్రోమ్‌లో అయితే అక్షరం కాదు, 21వ క్రోమోజోమ్ మొత్తంగా ఒకటి ఎక్కువుంటుంది. చాలావరకు అది వంశపారంపర్యం కాదు.

ఇందులో గ్రహణం ఎక్కడుంది? బొప్పాయి ఎక్కడుంది?

ఎముకలు పొట్టిగా ఉండిపోయే ఎకాండ్రోప్లేసియా ఎక్కువ మందిలో అమ్మకీ నాన్నకీ లేని కొత్త మార్పు. తండ్రి వయసు పెరిగేకొద్దీ దాని అవకాశం పెరుగుతుంది. అలాగని నాన్నని బోనెక్కించమని కాదు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు లేకపోతే గుండె జబ్బు ముప్పు పెరుగుతుందనీ, భారతీయుల్లో దాదాపు 4 శాతం మందికి ఆ లోపం ఉందనీ 2009లో హబ్సిగూడ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ గారి బృందం చెప్పింది. అంటే ఏ వంశమూ తప్పుల్లేని పుస్తకం కాదు.

తలసీమియా, సికిల్ సెల్ విషయంలో అయితే "ఎవరి వైపు" అన్న ప్రశ్నే తప్పు. ఆ మార్పు ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకి జబ్బు. ఒక్కరి నుంచి వస్తే బిడ్డ మామూలుగానే ఉంటుంది. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాల్లో ఒకే తాతమ్మల నుంచి ఒకే మార్పు ఇద్దరికీ చేరే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి.

అందుకే జాతకాలు చూపించే రోజునే ఇద్దరికీ ఒక రక్తపరీక్ష చేయించమంటాను. మామూలు హిమోగ్లోబిన్ పరీక్షలో ఇది తేలదు. హెచ్‌పీఎల్‌సీ అని అడగాలి. పెళ్ళికి ముందు కుదరకపోతే నెల తప్పిన కొత్తలోనైనా చేయించాలి. కోడలికి ఉందని తేలితే వెంటనే కొడుక్కీ చేయించాలి. "మా వాడికెందుకు?" అనే అత్తగారు ఉంటే పైన చెప్పిన నాలుగింట ఒక వంతు లెక్క చెప్పండి.

ఇప్పటికే అలాంటి బిడ్డ ఉన్న తల్లి మన చుట్టాల్లోనో, పక్కింట్లోనో ఉంటే ఎవరి వైపు నుంచి వచ్చిందని అడగొద్దు. ఆసుపత్రికి వెళ్ళే రోజున పెద్దపిల్లని మా ఇంట్లో వదిలి వెళ్ళమ్మా అని చెప్పండి, చాలు.