ఫోన్ చేస్తే పలకని బోరు!

‘బోరుకు ఫోన్ చేశావా?’

ఈ ప్రశ్న వింటే నగరాల్లో పుట్టి పెరిగినవారికి నవ్వు రావచ్చు. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట వైపు పల్లెల్లో మాత్రం ఇదేమీ వింత మాట కాదు. పొలంలో స్టార్టర్ డబ్బా పక్కన చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఓ సిమ్ కార్డు. ఇంట్లో కూర్చుని ఆ నంబరుకు ఫోన్ చేస్తే మోటారు తిరుగుతుంది. మళ్లీ చేస్తే ఆగుతుంది. లైట్లనీ ఏసీలనీ ఫోన్‌తో నడిపించే ‘స్మార్ట్ హోమ్’ ముచ్చట మన పట్టణాలకు ఇంకా కొత్తగా ఉన్నప్పుడే, మన రైతు పొలాన్ని స్మార్ట్‌గా మార్చుకున్నాడన్నమాట!

అంతా బాగానే ఉంటుంది... ఆ పెట్టె పలికినంత కాలం. పలకడం మానేస్తే? నాట్లేసిన మడి ఎండుతుంటుంది. ఫోన్‌లో మాత్రం ‘మీరు ప్రయత్నిస్తున్న నంబరు అందుబాటులో లేదు’ అన్న గొంతే వినిపిస్తుంటుంది. చిక్కు అక్కడితో ఆగితే ఫర్వాలేదు. పలకని పెట్టెను బాగుచేద్దామని వెళ్లిన మనిషి చెయ్యి డబ్బాలో ఉండగానే మోటారు దానంతటదే తిరగడం మొదలుపెట్టవచ్చు. అదెలాగో తెలియాలంటే ముందు ఈ పెట్టె కథ కాస్త తెలుసుకోవాలి.

రాత్రి కరెంటు నేర్పిన విద్య

నల్గొండ, మహబూబ్‌నగర్... ఈ రెండు పాత జిల్లాల్లో చాలా భాగం రాతినేల. కృష్ణమ్మ పక్కనుంచే పోతున్నా, మెట్ట పల్లెల్లో చాలామందికి బోరే దిక్కు. 2004 మేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. వచ్చిందిగానీ రోజుకు ఏడు గంటలే, అదీ విడతలుగా. ఒక విడత పగలైతే మరొకటి ఏ అర్ధరాత్రో. టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడుచుకుంటూ వెళ్లి స్టార్టర్ నొక్కాలి. చీకట్లో పాముకాటుకు గురైనవారు, తడిచేత్తో డబ్బా ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయినవారు ఎందరో!

ఆ బాధ తప్పించుకోవడానికి దొరికిన మొదటి దారి ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. కానీ పొలం తడిసిందా లేదా అన్నది దానికి పట్టదు, కరెంటు ఉన్నంతసేపూ తోడుతూనే ఉంటుంది. అందుకే 2018 జనవరి 1న తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు, భూగర్భ జలం అడుగంటుతుందన్న భయంతో ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వమే రైతుల్ని కోరింది.

రెండో దారి మొబైల్ స్టార్టర్. ముసలితనంలో తాతగారు మోటారు వేయడానికి అంతదూరం నడవడం చూసి పుణె ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేశ్’ను తయారుచేశారు. బెంగళూరుకు చెందిన విన్‌ఫినెట్ సంస్థ ‘కిసాన్ రాజా’ను తెచ్చింది. తర్వాత ఎన్నో కంపెనీలు వచ్చాయి.

రాత్రి కరెంటు బాధ తగ్గినా ఈ పెట్టె అవసరం తీరలేదు. మామూలు స్టార్టర్‌లో ఓ కాయిల్ ఉంటుంది. కరెంటు ఒక్క క్షణం పోయినా అది పట్టు వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా మోటారు తిరగదు, మళ్లీ ఎవరో ఒకరు నొక్కాల్సిందే. ఆ నొక్కే మనిషేమో ఇప్పుడు ఊళ్లో ఉండటంలేదు. కొడుకు ఎల్బీనగర్‌లో, పొలం మర్రిగూడలో, తండ్రి మోకాళ్ల నొప్పులతో ఇంట్లో... ఇలాంటి కుటుంబాలెన్నో. అందుకే పెట్టెలో తండ్రి నంబరూ ఉంటుంది, కొడుకు నంబరూ ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ముందు ఫోన్ చెప్పేది వినండి

పెట్టె పలకడంలేదని వెంటనే మెకానిక్‌కి కబురు పెట్టక్కర్లేదు. మరో ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసి, ఏం వినిపిస్తుందో శ్రద్ధగా వినండి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

* ‘స్విచ్ఛాఫ్ అయింది’, ‘కవరేజ్ ఏరియాలో లేదు’ అంటే- పెట్టెకు కరెంటు అందడంలేదు, లేదా సిగ్నల్ అందడంలేదు, లేదా సిమ్ తన గూట్లో సరిగ్గా కూర్చోలేదు.

* ‘ఇన్‌కమింగ్ సదుపాయం లేదు’ అంటే- రీచార్జి గడువు అయిపోయింది.

* ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అంటే- సిమ్ రద్దయిపోయింది.

* రింగవుతుంది, మోటారు మాత్రం కదలదు అంటే- నెట్‌వర్క్ బాగానే ఉంది. మీరు చేసిన నంబరు పెట్టెలో నమోదై ఉండకపోవచ్చు, లేదా లోపం కరెంటు వైపు ఉండవచ్చు.

సిమ్ బతికే ఉందా?

ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. జేబులో ఉన్న ఫోన్‌కు గడువు ముగిస్తే మెసేజ్ వస్తుంది, చదువుతాం. పెట్టెలోని సిమ్‌కు వచ్చే మెసేజ్ ఎవరు చదువుతారు? ఒకప్పుడు ఇన్‌కమింగ్‌కు పైసా ఖర్చుండేది కాదు. 2018 చివరి నుంచి కంపెనీలు కనీస రీచార్జి పద్ధతి పెట్టాయి. గడువు దాటితే ముందు అవుట్‌గోయింగ్, ఆ తర్వాత ఇన్‌కమింగ్ ఆగిపోతాయి. ఎండాకాలం పొలం బీడుగా ఉందని రీచార్జి ఆపేసి, వానాకాలం నాట్లకు ఫోన్ చేస్తే పలకనిది అందుకే.

దీనికో ఊరట ఉంది. ఇంటర్నెట్ అక్కర్లేనివారి కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు తప్పనిసరిగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. అలాంటి ప్యాకుల గడువును 365 రోజుల దాకా పెట్టుకునే వీలు కల్పించింది. కాల్‌తో నడిచే పెట్టెకు ఇంటర్నెట్‌తో పనేముంది? ఏడాది ప్యాకు ఒకటి వేసి, గడువు తేదీని ఇంటి క్యాలెండర్ మీద రాసుకుంటే సరి.

ఇక సిమ్ ఏ కంపెనీదన్నది మరో సంగతి. పాత పెట్టెలు చాలావరకు 2జీ మీద నడుస్తాయి. 2016 సెప్టెంబరులో వచ్చిన జియోకు 2జీ లేనే లేదు. ‘ఇంట్లో అందరిదీ జియోనే కదా’ అని ఆ సిమ్మే పాత పెట్టెలో వేస్తే ఎన్ని రీచార్జిలు చేసినా అది పలకదు. కొత్తగా కొనేవాళ్లు 4జీ పెట్టె తీసుకోవడం మేలు. అందులో కాల్స్ కోసం వోల్టీ సదుపాయం ఉందో లేదో అడిగి మరీ కొనండి. 2జీ ఆగిపోతే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ ఏటీ అండ్ టీ కంపెనీ 2016తో 2జీకి స్వస్తి పలకగానే శాన్‌ఫ్రాన్సిస్కోలో చాలా సిటీ బస్సులు ఎప్పుడొస్తాయో బోర్డుల మీద కనిపించకుండా పోయింది. ఆ బస్సుల్లోని పరికరాలు పాత నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉండటమే కారణం!

డబ్బాలో చిక్కిన సిగ్నల్

ఇనుప డబ్బా వానను ఆపుతుంది, దొంగను ఆపుతుంది... సిగ్నల్‌నీ ఆపుతుంది. యాంటెన్నాను డబ్బా లోపలే వదిలేసి తలుపు మూస్తే రేడియో తరంగాలు లోపలికి పోలేవు. ‘తలుపు తీసి ఉంచితే పనిచేస్తుంది, మూస్తే పనిచేయదు’ అంటే కారణం ఇదే. యాంటెన్నా వైరును బయటకు తీసి, డబ్బాపైన నిటారుగా నిలబెట్టాలి. వైరు డబ్బా అంచుకు నలిగినా, బిగింపు దగ్గర తుప్పు పట్టినా ఫలితం ఉండదు.

మొక్కలు నాటిన ఏడు బ్రహ్మాండంగా పనిచేసిన పెట్టె, బత్తాయి తోట ఏపుగా పెరిగాక మొరాయించవచ్చు. గుబురుగా పెరిగిన ఆకులు, అందులోనూ వానకు తడిసిన ఆకులు, సిగ్నల్‌ను పీల్చేస్తాయి. గుట్టల చాటున ఉన్న పొలాలకైతే ఈ బాధ మొదటి నుంచే ఉంటుంది. పరీక్ష తేలికే. అదే కంపెనీ సిమ్ వేసిన మామూలు ఫోన్ తీసుకెళ్లి డబ్బా దగ్గర నిలబడి గీతలు చూడండి. ఒకటే గీత ఉంటే యాంటెన్నాను ఎత్తయిన కర్రకు కట్టాలి, లేదా ఆ చోట బాగా అందే మరో కంపెనీ సిమ్ వేయాలి.

ఒక్కోసారి తప్పు మన పెట్టెది కాదు. ఊళ్లో చాలాసేపు కరెంటు పోతే, టవర్ దగ్గర బ్యాటరీలు కూడా అయిపోతాయి. ఊరంతా ఫోన్లు మూగబోతే కాసేపు ఆగడమే మందు.

నెట్‌వర్క్ కాదు... కరెంటు

నెట్‌వర్క్ మీద పడే నిందల్లో కొన్ని నిజానికి కరెంటువే. సిమ్ పెట్టె టవర్‌తో మాట్లాడేటప్పుడు క్షణంలో కొంత సేపు రెండు ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. లోపలి పవర్ సప్లయ్ బలహీనపడినా, కెపాసిటర్ ఉబ్బినా ఆ క్షణంలో వోల్టేజి పడిపోయి పెట్టె ఆగి, మళ్లీ మొదలవుతుంది. బయటివాళ్లకు ‘నెట్‌వర్క్ వస్తోంది, పోతోంది’ అన్నట్టు కనిపిస్తుంది. బ్యాకప్ బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయిందన్న మెసేజ్ కూడా రాదు.

మరోటి ఫేజుల తకరారు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, వరస తారుమారైనా మంచి పెట్టె మోటారును తిరగనివ్వదు. అది జబ్బు కాదు, కాపలా. అలా ఆపకపోతే వైండింగ్ కాలిపోతుంది, బోరులోంచి మోటారు ఎత్తించడం, రీవైండింగ్ అంటూ వేలకు వేలు వదులుతాయి. కాబట్టి ‘పెట్టె పనిచేయడంలేదు’ అని దాన్ని తప్పించి మోటారుకు నేరుగా వైర్లు కలపవద్దు.

ఆలస్యంగా వచ్చే ‘ఆన్’

ఇక అసలు సంగతి. ఎస్ఎంఎస్ నేరుగా పెట్టెకు చేరదు. ముందు కంపెనీ కేంద్రానికి వెళుతుంది. పెట్టె అందుబాటులో లేకపోతే అక్కడే దాచి ఉంచుతారు. అది తిరిగి నెట్‌వర్క్‌లోకి రాగానే పంపుతారు. గంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

ఇప్పుడు ఎల్బీనగర్ కొడుకు పొద్దుటి నుంచి నాలుగుసార్లు ‘ఆన్’ అని మెసేజ్ పెట్టాడనుకుందాం. మోటారు కదల్లేదు. విసుగొచ్చి వదిలేశాడు. సాయంత్రం తండ్రి మెకానిక్‌ను వెంటబెట్టుకుని పొలానికి వెళ్లాడు. మెకానిక్ సిమ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. నెట్‌వర్క్ వచ్చింది. దాంతోపాటు పొద్దుటి ‘ఆన్’ కూడా వచ్చింది! పాత మెసేజ్‌లను పక్కనపెట్టే తెలివి కొన్ని పెట్టెలకు ఉంటుంది, అన్నింటికీ ఉండదు. మెసేజ్ లేకపోయినా, సరిగ్గా అప్పుడే కొడుకు మరోసారి ప్రయత్నించి చూడొచ్చు కూడా.

అందుకే పెట్టె మూగబోయిందంటే మోటారు ఆగిందని అర్థం కాదు. ఫోన్‌లో ‘ఆఫ్’ నొక్కి దాన్ని నమ్ముకుని డబ్బాలో చెయ్యి పెట్టకూడదు. పాటించాల్సిన వరస ఇదీ:

* పొలానికి బయలుదేరే ముందే, పెట్టెలో నంబరు నమోదైన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి ‘నేను చెప్పేదాకా బోరుకు ఫోన్ చేయొద్దు’ అని చెప్పాలి.

* డబ్బా దగ్గరికి వెళ్లగానే ముందు మెయిన్ స్విచ్ దించాలి. పెట్టెకు ‘ఆటో’, ‘మాన్యువల్’ మీట ఉంటే మాన్యువల్‌లోకి మార్చాలి. సిమ్ జోలికి వెళ్లేది ఆ తర్వాతే.

* మెయిన్ స్విచ్ దించినా దానికి పైవైపు వైర్లలో కరెంటు ఉంటుంది. టెస్టర్‌తో చూడకుండా ఏ వైరూ ముట్టుకోవద్దు. చేతులు తడిగా ఉండకూడదు, కాళ్లకు పొడి చెప్పులు ఉండాలి.

* ఫ్యూజు పోయిందని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సొంత వైద్యం చేయవద్దు. ఒక ఫేజు పోయినా, పక్క రైతుల మోటార్ల గుండా ఆ వైరులోకి కరెంటు తిరిగి రావచ్చు. అది లైన్‌మన్ పని. ఆయన దొరక్కపోతే 1912కు ఫోన్ చేయండి.

ఇంట్లోనూ ఇదే వరస

పట్నంలో ఫోన్‌తో నడిచే గీజర్లు, ప్లగ్గులు వాడేవారికీ ఇదంతా వర్తిస్తుంది. కాకపోతే అక్కడ సిమ్ బదులు వైఫై. రౌటర్ మార్చినా, పాస్‌వర్డ్ మార్చినా పాత పరికరాలు దారితప్పుతాయి, మళ్లీ కలపాలి. ఇలాంటి చాలా పరికరాలు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైనే అందుకుంటాయి. ఫోన్ 5 గిగాహెర్ట్‌జ్‌లో ఉంటే, కొత్త పరికరం కలపడానికి మొండికేయవచ్చు. కరెంటు పోయినప్పుడల్లా రౌటర్ ఆగిపోకుండా చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. జాగ్రత్త మాత్రం ఒకటే. యాప్‌లో ‘ఆఫ్’ అని కనిపించినా, గీజర్‌ను విప్పాలంటే గోడమీది స్విచ్ ఆపాల్సిందే.

పొలంలో డబ్బా తలుపు లోపలివైపు ఓ కాగితం అతికించండి. పెట్టెలోని సిమ్ నంబరు, కంపెనీ పేరు, రీచార్జి గడువు, నమోదైన ఫోన్ నంబర్లు, మెకానిక్ నంబరు... ఈ అయిదూ చాలు. పైన మాత్రం పెద్దక్షరాలతో ‘ముందు మెయిన్ దించు’ అని రాయండి. నీళ్లు ఒక పూట ఆలస్యమైతే మడి తట్టుకుంటుంది. మనిషి విషయంలో ఆ వెసులుబాటు లేదు.