దుకాణమా? ఆఫీసా? గోడౌనా?



డిగ్రీ పూర్తిచేసిన కుమారుడు "రియల్ ఎస్టేట్ చేస్తాను, పొలం అమ్మి డబ్బు ఇవ్వండి" అంటున్నాడని చెప్పి, ఏమి చేయమంటారని తలిదండ్రులు తరచుగా అడుగుతున్నారు. ఆ పని చెడ్డది కాదు. కట్టినవాడికి అద్దెదారుడు కావాలి, వ్యాపారికి చోటు కావాలి. ఇద్దరినీ నమ్మకంగా కలిపినవాడు తీసుకునే కమీషను కష్టార్జితమే. అయితే పొలం మాట ఎత్తకముందు కుమారుణ్ణి ఒక ప్రశ్న అడగండి: "ఏ రకం కట్టడాల్లో పనిచేస్తావు నాయనా?" "అన్నీ చేస్తాను" అని జవాబు వస్తే, అతడింకా సిద్ధపడలేదని గ్రహించండి.

ఇళ్ల స్థలాల సంగతి అందరికీ కొంత తెలుసు. వ్యాపారానికి అద్దెకిచ్చే కట్టడాల సంగతి వేరు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు రకాలు. ఒక్కొక్క దానికి అద్దెదారుడు వేరు, అద్దె వచ్చే తీరు వేరు, నష్టం వచ్చే దారి వేరు.

మొదటిది దుకాణాలు. తెలంగాణ సహోదరులు వీటిని మడిగెలంటారు. ఇక్కడ వచ్చిపోయే జనమే ప్రాణం. బస్టాండు ఎదుట కింది అంతస్తు మడిగెకు వచ్చే అద్దె అదే కట్టడంలో మేడమీది గదికి రాదు. రోడ్డు మధ్య డివైడరు కట్టినా, బస్టాపు అటు జరిగినా బేరం మారిపోతుంది. చిన్న పట్టణంలో పెరిగినవాడు త్వరగా నేర్చుకోగలిగినది ఇదే.

రెండవది ఆఫీసులు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు వీటికి కేంద్రమయ్యాయి. పెద్ద కంపెనీ వస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. మూడేళ్లకొకసారి 15 శాతం అద్దె పెంచే ఒప్పందాలు సాధారణం. గాని ఒక్క బేరం కుదరడానికి నెలలు పడుతుంది. అంతవరకు రాబడి లేకుండా ఇల్లు గడవాలి. ఇంగ్లీషులో ఉన్న ఒప్పందాన్ని చదివి అర్థం చేసుకోవాలి. చెప్పిన చదరపు అడుగుల్లో నిజంగా వాడుకునేది ఎంతో లెక్కకట్టడం రావాలి. 2020లో కరోనా వచ్చి ఉద్యోగులు ఇంటినుండి పనిచేసినప్పుడు ఆఫీసులు వెలవెలబోయిన సంగతి కూడా మరువరాదు.

మూడవది గోడౌన్లు. 2017 జూలై 1న జి.ఎస్.టి. రాకముందు పన్నుల బాధ తప్పించుకోవడానికి అనేక కంపెనీలు రాష్ట్రానికొక చిన్న గోడౌను పెట్టుకునేవి. తరువాత కొద్దిచోట్ల పెద్దవి పెట్టుకోసాగాయి. హైదరాబాదు చుట్టూ మేడ్చల్, శంషాబాద్ వైపు అటువంటివి చాలా లేచాయి. ఇక్కడ అందం ఎవరూ చూడరు. లారీ తిరగడానికి చోటుందా, కప్పు ఎంత ఎత్తు, నేల ఎంత బరువు మోస్తుంది, వాన నీరు ఎటు పోతుంది అని చూస్తారు. రైతు బిడ్డకు ఇవి కొత్త సంగతులు కావు. గుంటూరు మిర్చి నిలువచేసే కోల్డ్ స్టోరేజీలు ఈ కోవలోనివే. అయితే అక్కడ కరెంటు బిల్లు యజమానిదే, సరుకు పాడైతే తగువు కూడా అతని మీదికే వస్తుంది.

నాలుగవది హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు. చూడడానికి కట్టడమే గాని నిజానికి అది రోజువారీ వ్యాపారం. ముహూర్తాల నెలల్లో హాలు దొరకదు, ఆషాఢంలో తాళం తీయరు. మన పెళ్లిళ్లు కూడా శ్రమ దినాల్లో పెట్టుకోము గదా! 2020 లాక్‌డౌన్‌లో వీటి రాబడి ఒక్కసారిగా ఆగిపోయింది. అనుభవం లేనివాడు ఇక్కడ మొదలుపెట్టకపోవడం మంచిది.

మరి ఎలా ఎంచుకోవాలి? ఇప్పుడు ఏది జోరుగా ఉందో దానివెంట పరుగెత్తరాదు, జోరు మారిపోతుంది. మూడు సంగతులు ఇంటిల్లిపాదీ కూర్చుండి ఆలోచించండి. అబ్బాయికి ఎవరి పని అర్థమవుతుంది? కిరాణా వ్యాపారి పనా, లారీల వారి పనా, కంపెనీ మేనేజరు పనా? రాబడి లేకుండా మీరు ఎన్ని నెలలు ఆగగలరు? ఎంచుకున్న రకం కట్టడాలు రోజూ వెళ్లివచ్చే దూరంలో ఉన్నాయా? ఈ మూడింటికీ ఒకే జవాబు వచ్చిన రకాన్ని పట్టుకోవాలి.

ఆ తరువాత ఆ ఒక్క రకం, ఒక్క ప్రాంతం. నమ్మకస్థుడైన బ్రోకరు దగ్గర రెండేళ్లు పనిచేయాలి. ఒక నోటు పుస్తకం పెట్టుకొని ఏ కట్టడం ఎంతకు పోయింది, ఎన్నాళ్లు ఖాళీగా ఉంది, ఉన్నవాడు ఎందుకు వెళ్లిపోయాడు అని రాసుకోవాలి. ఆ పుస్తకమే అతని పెట్టుబడి. దానికి చెప్పులు అరగాలి గాని పొలం అమ్మనక్కర లేదు.

చట్టం కూడా తెలియాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మిపెట్టే ఏజెంటు తాను కూడా నమోదు చేసుకోవాలి. రెండు పక్షాల నుండి కమీషను తీసుకునేవాడు ఆ సంగతి ఇద్దరికీ ముందే చెప్పాలి. దాచి తీసుకున్నది ఒకనాడు బయటపడుతుంది. బజారులో పోయిన మాట మళ్లీ రాదు.

యౌవనస్థులారా, ఒక్కటి బాగా నేర్చుకోవడం చిన్నతనం కాదు. తలిదండ్రులారా, రెండేళ్ల ఆ నోటు పుస్తకం మీ ముందు పెట్టిన తరువాతే డబ్బు మాట వినండి. అప్పటివరకు పొలంలో పంట వేయండి.